పై కన్ను తీసిన యాసంగి

నీరటి పని మా ఆయన పేరు మీద ఉండేది. చెరువులో మునిగేది మాత్రం నేను.

ఇందులో దాపరికం ఏమీ లేదు, ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. మా నాయన పోయాక నీరటిగా తూము తీసి మూసే పని ఎవరు చూడాలన్న మాట వచ్చింది. ఆడదాని పేరు ఎలా రాస్తారని అల్లుడి పేరు రాశారు. మా ఆయన సారంగపాణి బొగ్గు గనిలో ఇరవై రెండేళ్ళు పంపు నడిపిన మనిషి. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుందని డాక్టర్లు రాసిచ్చాక పనిలోంచి పంపించేశారు. కొత్తగూడెంలో క్వార్టరు ఖాళీ చేసి, రెండు బీరువాలు, ఒక కూలరు వ్యానులో వేసుకుని మా పుట్టినూరు వచ్చేశాం. ఇక్కడి అంగన్‌వాడీలో నాకు టీచరు పని దొరికింది. పాణికి నీరటి పని దొరికింది. నీళ్ళ మట్టం చూడటం ఆయనకు కొత్త కాదు. గనిలో నీళ్ళు లేకుండా చూసేవాడు, ఇక్కడ ఉండేలా చూడాలి, అంతే తేడా.

కానీ మునగడం ఆయన వల్ల కాదు. నాలుగు మాటలు వరసగా మాట్లాడితేనే దగ్గు తెర కమ్ముకుంటుంది. గట్టు మీద కూర్చుని ఏ కాలువకు ఎన్ని గంటలు నీళ్ళు పోవాలో ఆయన చూసేవాడు. బిరడా తియ్యాలన్నా వెయ్యాలన్నా పొద్దు పొడిచే వేళ నన్ను లేపేవాడు. నేను దిగి వచ్చి, తడి బట్టలు మార్చుకుని, పొయ్యి వెలిగించేదాన్ని.

మాది పాతకాలం తూము. కట్ట లోపలి వైపు నీళ్ళలో రెండు రాతి స్తంభాలు, మధ్యలో రాతి పలక, ఆ పలకలో ఒకదాని కింద ఒకటిగా రెండు రంధ్రాలు. వాటిని కన్నులంటాం. పై కన్ను, కింది కన్ను. రెండింటికీ మద్ది కొయ్యతో చేసిన బిరడాలు. ఎప్పుడో ఇంజనీర్లు వచ్చి ఇనుప షట్టరు బిగించి పోయారు గానీ మూడేళ్ళకే దాని మర తుప్పు పట్టి ఊడిపోయింది. మళ్ళీ బిరడాలే గతి అయ్యాయి. నడుముకు తాడు కట్టుకుని మునిగి, బిరడాను రాయితో పక్కల నుంచి కొట్టి, వదులు చేసి లాగాలి. లాగిన క్షణాన చెయ్యి వెనక్కి తీసుకోకపోతే నీళ్ళ ఊపుకు కన్ను చేతిని పట్టేస్తుంది. మా నాయన నా పదేళ్ళప్పుడు ముందుగా నేర్పింది అదే, చెయ్యి తీసుకోవడం. మా అక్క సమ్మక్కకు నీళ్ళంటే భయం. లేకపోతే పెద్దపిల్ల కాబట్టి ఆమెకే నేర్పేవాడు.

చెరువుకు అవతలి ఒడ్డు అడవి. ఆ అంచున నీళ్ళలో నిలబడిన తుమ్మచెట్లు ఓ ఇరవై ఉంటాయి. పాముబాతులు గూళ్ళు పెట్టేది వాటి మీదే. ఈదేటప్పుడు ఒళ్ళంతా మునిగి మెడ ఒక్కటే పైకి కనిపిస్తుంది. కొత్తవాళ్ళు పామనుకుని కేకలు పెడతారు. మునిగి, సూది ముక్కుతో చేపను పొడిచి పైకి తెచ్చి, గాల్లోకి ఎగరేసి తలవైపు నుంచి మింగుతుంది. తర్వాత చెట్టెక్కి రెక్కలు రెండూ చాపి ఆరేసుకుంటుంది. బాతులకున్నట్టు దాని ఈకలకు నూనె ఉండదట, నీళ్ళకు తడిసిపోతాయట. అందుకే అంత బాగా మునుగుతుంది, అందుకే అంతసేపు ఆరాలి. ఈ సంగతి ఫారెస్టు మేడం చెప్పేదాకా నాకు తెలియదు. చిన్నప్పటి నుంచి దాని పక్కనే మునిగినదాన్ని.

ఆ ఏడు అక్టోబరు చివర తుపాను గాలికి చెట్ల మీది గూళ్ళన్నీ రాలిపోయాయి. మామూలుగా అయితే సంక్రాంతి దాటేసరికి పిల్లలు ఎగిరిపోవాలి. ఈసారి జనవరిలో మళ్ళీ మొదటి నుంచి పుల్లలు ఏరుకోవడం మొదలుపెట్టాయి. పదకొండు గూళ్ళు కట్టాయి. దాంతో యాసంగి వరికి నీళ్ళు కావలసిన నెలా, వాటి పిల్లలకు నీళ్ళు కావలసిన నెలా ఒకటే అయ్యాయి.

ఫిబ్రవరిలో ఫారెస్టు బీట్ ఆఫీసర్ శ్రీదేవి పంచాయతీ ఆఫీసులో మీటింగు పెట్టింది. పాతికేళ్ళ పిల్ల, ఈ బీటుకు వచ్చి ఏడాది కాలేదు. పాముబాతులు అన్ని చోట్లా తగ్గిపోతున్నాయని, తను తిరిగిన చెరువుల్లో గూళ్ళు కనిపించింది ఇక్కడ ఒక్కచోటే అని చెప్పింది. చెట్ల కింద నీళ్ళున్నంతకాలం కుక్క గానీ అడవిపిల్లి గానీ గూటి దగ్గరికి పోలేవు. కాబట్టి మార్చి మొదటి నుంచి పిల్లలు ఎగిరేదాకా, అంటే ఏప్రిల్ మొదటి వారం దాకా తూము తియ్యొద్దని అడిగింది. ఆర్డరు వేసినట్టు కాదు, అడిగినట్టే అడిగింది.

ఆయకట్టు పెద్ద వెంకటప్పయ్య గారు. వాళ్ళ తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్నారు. మాటలో ఆ తీరు ఇంకా పోలేదు.

"మాకేం ఇబ్బంది లేదమ్మా. నోరు లేని జీవాలు. అందరికీ బోర్లున్నాయిగా, ఒక్క నెల సర్దుకుంటాం," అన్నాడు.

బోర్లున్నది కాలువ మొదట్లో వాళ్ళకు. చివర నాలుగు మళ్ళకు బోరు లేదు. ఆ నాలుగింట్లో మూడు ఆ ఏడు బీడు పెట్టారు. నాలుగోది మా అక్క కౌలుకు చేస్తున్న ఎకరంన్నర. అక్క ఆ రోజు మిర్చి ఏరడానికి కూలికి పోయింది. మీటింగులో నేనున్నాను. పిల్లలకు గుడ్లు పెట్టే వేళయిందని మధ్యలో లేచి వచ్చేశాను. అక్క పొలం సంగతి ఎవరో ఒకరు ఎత్తుతారులే అనుకున్నాను. ఎవరూ ఎత్తలేదు.

పాణి మాట ఇచ్చాడు. మేడం తెచ్చిన ఎర్ర పెయింటు పట్టుకుని, చేపలు పట్టే జానీ తెప్ప మీద పోయి ఒక చెట్టు మొదలు మీద గీత గీసి వచ్చాడు. నీళ్ళు ఆ గీత దిగకూడదు. గనిలో సంపు గోడ మీద గీసినట్టే గీశానని ఆ సాయంత్రం రెండుసార్లు చెప్పాడు. పనిలోంచి తీసేసినప్పటి నుంచి ఆయన గొంతు అంత తేలిగ్గా ఉండటం నేను వినలేదు. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఊఁ కొట్టాను.

మార్చి వచ్చేసరికి పిల్లలు గూళ్ళ అంచుకు వచ్చి మెడలు సాచడం మొదలుపెట్టాయి. ఒంటి నిండా తెల్లటి నూగు. శ్రీదేవి లెక్కకు ఇరవై ఆరు తేలాయి. ఒక ఆదివారం నేను ఇడ్లీ పట్టుకుని గట్టు మీదికి పోతే పాణి నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. గద్ద ఒకటి చెట్టు మీదుగా తిరుగుతోంది. గూట్లో ఉన్న మూడు పిల్లలు, ఇంకా రెక్క ఈకలు రానివి, ఒకదాని వెనక ఒకటి కిందికి దూకేశాయి. బుడుంగుమని మునిగి, కాసేపటికి ఇంకోచోట తేలి, ముక్కుతో కొమ్మ పట్టుకుని పాక్కుంటూ మళ్ళీ గూటికెక్కాయి.

"వీటికి ముందు ఈత వస్తది, తర్వాత రెక్కలొస్తయి. భయమైతే దుంకుడే. కింద నీళ్లున్నయని వాటికి ఎవరు చెప్పిన్రో," అన్నాడు.

నవ్వాడు. నవ్వు వెనకే దగ్గు వచ్చింది. అది తగ్గేసరికి ఇడ్లీ చల్లారిపోయింది.

ఆ తర్వాతి వారంలోనే అక్క అంగన్‌వాడీకి వచ్చింది. పిల్లలింకా రాలేదు. ఆయా సెలవు పెడితే నేనే గుడ్లు ఉడికించి పొట్టు తీస్తున్నాను. అక్క వచ్చి పిల్లల చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. మిర్చి ఘాటుకు ఆమె చేతివేళ్ళు ఎర్రగా పొంగి ఉన్నాయి.

"పిట్టల కోసమని నీళ్ళు బందు పెట్టిన్రట. అవ్నా?"

"అవ్."

"మీటింగుల నువ్వు గూడ ఉన్నవట."

నేను ఇంకో గుడ్డు అందుకున్నాను. ఆమె తనూ ఒక గుడ్డు తీసుకుని పొట్టు తియ్యడం మొదలుపెట్టింది. వరి పొట్ట మీద ఉందని చెప్పింది. రెండు తడులు కావాలి. ఈ వారం ఒకటి, వచ్చే వారం ఒకటి. ఆ రెండూ పడితే గింజ పాలు పోసుకుంటుంది, ఆ తర్వాత దేవుడి దయ. వెంకటప్పయ్య గారి ఇంటికి పోయి బోరు నీళ్ళు అడిగిందట.

"పైపు అంత దూరం అందదన్నడు. అందినా మోటరు కాలిపోతదన్నడు. కాఫీ తాగి పొమ్మన్నడు."

"తాగినవా?"

"తాగిన. అదెందుకు ఇడుస్త."

ఇద్దరం నవ్వాం. నవ్వాక ఆమె అసలు మాట చెప్పింది. మా బావ పోయి నాలుగేళ్ళు. పోయినేడు పంట నాసిగా వచ్చింది. ఈసారి కూడా తప్పితే పొలం ఇంకొకరికి ఇస్తానని ఆసామి చెప్పేశాడు. కొత్తగూడెంలో ఆడపిల్లల హాస్టలు ఒకదాంట్లో వంటపని ఉందని ఆమె ఆడబిడ్డ ఏడాదిగా రమ్మంటోంది. పొలం ఉన్నంతకాలం అక్క ఆ మాట చెవిన పెట్టలేదు.

"ఈ పంట పోతే నేనూ పోత లతా. అరవై మందికి అన్నం వండుకుంట బతుకుత. ఇంక ఎవరి నీళ్ళు అడగ."

ఆ మాట బెదిరింపులా అనలేదు. రేపు సంతకు పోతానన్నట్టు అంది. నాకు ఊళ్ళో పుట్టింటి మనిషి అంటూ మిగిలింది ఆమె ఒక్కతే. నాకు జ్వరమొస్తే గంజి కాచి తెచ్చేది ఆమె, పాణికి దగ్గు ఎక్కువైన రోజున వాకిట్లో మంచం వేసుకుని పడుకునేది ఆమె.

"నాయిన ఉంటే ఏం జేసేటోడే?" అని అడిగింది.

"నాయిన ఉంటే పై కన్ను తీసేటోడు," అన్నాను.

నోరు జారి అన్నానో, కావాలనే అన్నానో ఇప్పటికీ తేల్చుకోలేదు. మా నాయనది ఒక మాట ఉండేది. పై కన్ను ఎంత తీసినా చెట్ల కాళ్ళు ఆరవు అనేవాడు. కరువొచ్చిన ఏళ్ళలో ఆయన పై కన్ను దాకా నీళ్ళు పొలాలకు వదిలి, దాని కిందివి పశువులకూ చేపలకూ ఉంచేవాడు. అప్పుడు కూడా ఆ తుమ్మచెట్లు నీళ్ళలోనే ఉండేవి. మేమిద్దరం చూసినవాళ్ళమే.

రాత్రి అన్నం పెడుతూ పాణిని అడిగాను. ఒక్క తడి అన్నాను. పై కన్ను ఒక్కటే అన్నాను. నాయన మాట కూడా చెప్పాను.

"మాట ఇచ్చిన గద. లెవెల్ చూడమన్నరు, చూస్తున్న. గనిల నేను ఎవరి కోసమో పంపు ఆపి ఉంటే కింద మనుషులు మునిగేటోళ్ళు."

"ఇప్పుడు మునిగేది మా అక్క."

ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. వదినకు తనే నచ్చజెప్తానన్నాడు గానీ చెప్పలేదు. ఆమె ఎదురుపడకుండా గట్టు మీదికి ఇంకో దారిన పోవడం మొదలుపెట్టాడు. చెట్ల కింద ఉన్నది మోకాలి లోతు నీళ్ళేనని, గీత దానికే గీశానని ఆయన నాకు చెప్పలేదు. ఎంత లోతుకు గీశావని నేనూ అడగలేదు. మా ఇంట్లో మాటలు అలా సగంలో ఆగిపోవడం అప్పటికి చాలాకాలంగా అలవాటే.

నాలుగు రోజుల తర్వాత పాణి కొత్తగూడెం పోయాడు. ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష, ఆ కాగితాల మీద సంతకాలు, ఏటా ఉండేవే. రెండు రోజులు పడుతుంది, పాత స్నేహితుడి క్వార్టర్లో పడుకుంటాడు. బస్సెక్కేముందు చెరువు చూస్తుండమని చెప్పాడు. వేరే ఏమీ చెప్పలేదు.

మర్నాడు పొద్దు పొడిచే వేళకు తూము దగ్గర దిగాను. అక్కకు ముందే చెప్పాను. ఆమె తన మడి దగ్గర ఉంది. తాడు రాతి స్తంభానికి కట్టి, రెండో కొస నడుముకు బిగించుకున్నాను. ఆ నెలకు పై కన్ను ఛాతీ లోతుకు వచ్చింది. ఊపిరి పట్టి తల ముంచితే అందుతుంది. నలభై ఆరేళ్ళ మనిషిని, చల్లటి నీళ్ళలోకి దిగితే మోకాళ్ళు పట్టేస్తున్నాయి. మొదటిసారి మునిగినప్పుడు బిరడా కదల్లేదు. రెండోసారి పక్క నుంచి నాలుగు దెబ్బలు వేస్తే వదులైంది. మూడోసారి లాగాను. చెయ్యి తీసుకున్నాను. పైకి తేలి కళ్ళు తుడుచుకుంటే పది బారల దూరంలో పాముబాతు మెడ ఒకటి నిటారుగా నిలబడి నన్నే చూస్తోంది. చూసి, మునిగిపోయింది.

ఎర్ర గీత తూము దగ్గరి నుంచి కనిపించదు. తెప్ప వేసుకుని పోయి చూసి ఉండొచ్చు. ఎనిమిదింటికి అంగన్‌వాడీ తెరవాలి, పాలు కాచాలి. పై కన్నే గదా అనుకున్నాను. రేపు ఇదే వేళకు బిరడా వేసేస్తే ఒక తడి అవుతుంది, పాణి వచ్చేసరికి కాలువ ఆరిపోతుంది అనుకున్నాను.

కాలువ నెల మొదటి నుంచి ఎండి ఉంది. మొదటి నీళ్ళన్నీ అదే తాగింది. అక్క మడికి నీళ్ళు అందేసరికి సాయంత్రమైంది. మర్నాడు తెల్లవారి నేను పోయి చూస్తే మూడో వంతే తడిసింది. ఇంకో పూట ఉంచుదామని ఇద్దరం అనుకున్నాం. నేను ఇంటికొచ్చి అన్నం వండి, అంగన్‌వాడీ తలుపు తీసి ఊడుస్తున్నాను. ఎనిమిది కావస్తూ ఉంటుంది. అక్క వచ్చి గుమ్మం బయటే నిలబడింది. తొడల దాకా బురద. నల్ల బురద. పొలం బురద ఎర్రగా ఉంటుంది.

"ముయ్యవే," అంది.

"నిండిందా?"

"సగం తడిసింది. నువ్వు పోయి ముయ్యి."

"ఇంకొక్క పూట ఉంచితే—"

"దుంకుతున్నయే లతా. నీళ్లున్నయనుకొని దుంకుతున్నయి."

చీపురు నా చేతిలోనే ఉంది. ఆమె ఇంటికి పోతూ గట్టు మీది నుంచి చూసిందట. చెట్ల కింద నీళ్ళు జారిపోయి బురద తేలింది. మేకల వాళ్ళ కుక్కలు రెండు ఆ బురదలో తిరుగుతున్నాయి. వాటిని చూసి పిల్లలు గూళ్ళలోంచి దూకుతున్నాయి. కుక్కల్ని తరుముదామని ఈమె కర్ర తీసుకుని దిగింది.

"కుక్కలు పోయినయి. నన్ను జూసి ఇంక దుంకుతున్నయి. బురదల పడ్డవి లేస్తలెవ్వు. నేను ముంగటికి పోయినా దుంకుతున్నయి, నిలబడ్డా దుంకుతున్నయి. ఎనకకొచ్చిన."

తలుపు గొళ్ళెం వేసి ఇద్దరం తూము దగ్గరికి పోయాం. నేను దిగాను. తాడు స్తంభానికి కడుతుంటే అక్క నా చేతిలోంచి కొస తీసుకుని, తనూ నీళ్ళలోకి దిగింది. నడుము దాకా. జన్మలో ఆమె ఆ చెరువులో దిగగా నేను చూడలేదు. ఆమె పళ్ళు టకటకా కొట్టుకోవడం నాకు వినిపిస్తోంది. బిరడాకు గోనెగుడ్డ చుట్టి మునిగాను. నీళ్ళు పోతున్నప్పుడు బిరడా వెయ్యడం తియ్యడం కంటే తేలిక. కన్నుకు ఎదురుగా పెడితే అదే లాగేసుకుంటుంది. ఒక్క మునకలో పని అయిపోయింది.

తూము అవతల కాలువలో నీళ్ళు సన్నబడి, ఆగిపోవడం చూస్తూ గట్టు మీద కూర్చున్నాం. మూస్తే పోయిన నీళ్ళు తిరిగి రావని ఇద్దరికీ తెలుసు. రెండో తడి మాట ఆమె ఎత్తలేదు. చీర కుచ్చిళ్ళు పిండుకుని, పశువులు అరుస్తున్నాయని లేచిపోయింది.

మా నాయన మాట తప్పు కాదు. అది ఆయన నాటి చెరువుకు సరిపోయే మాట. ఆయన పోయాక ఇన్నేళ్ళలో అడవి నుంచి వాగు తెచ్చి పోసిన ఒండ్రు ఆ చెట్ల కింద నడుమెత్తు పేరుకుంది. పైన చూస్తే నీళ్ళు ఎప్పటి నీళ్ళలాగే కనిపిస్తాయి.

పాణి మధ్యాహ్నం బస్సుకు వచ్చాడు. నేను చెప్పకముందే ఎవరో చెప్పారు. సంచి కూడా దింపకుండా గట్టు మీదికి పోయి, పొద్దు గూకేదాకా రాలేదు. వచ్చాక అన్నం తిన్నాడు. మందు వేసుకున్నాడు.

"గనిల రిలీవర్ రాకముందు ఇంకొకడు పంపు మీద చెయ్యి ఏస్తే సస్పెండ్ చేస్తరు," అన్నాడు.

అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు శ్రీదేవి వచ్చింది. దుర్భిణి పెట్టి అరగంట చూసింది. పద్నాలుగు మిగిలాయంది. తూము ఎవరు తీశారని అడిగింది. నేను నోరు తెరిచేలోగా పాణి తనే తియ్యమన్నానని చెప్పాడు. పక్కనే జానీ ఉన్నాడు. పాణి ఆ రోజు ఊళ్ళోనే లేడని జానీకి తెలుసు. తల వంచుకుని బీడీ ముట్టించుకున్నాడు.

"ఎందుకు తియ్యమన్నవ్ అన్నా?" అందామె. గొంతులో కోపం లేదు, ముఖం పాలిపోయి ఉంది.

"మా వదిన పొలం ఎండుతున్నది మేడం."

ఆమె కాలువ చివరి వైపు చూసింది. అక్కడ బోరు లేని మడి ఉందన్న సంగతి మీటింగులో తనకెవరూ చెప్పలేదంది. తనూ అడగలేదంది. పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుంది గానీ ఏం రాసిందో మాకు చూపించలేదు. ఆ సాయంత్రం జానీ వాళ్ళు పాత వలలు తెచ్చి, పిల్లలు బెదరనంత దూరంలో చెట్ల చుట్టూ కర్రలు పాతి కట్టారు. కుక్కలు రాకుండా పాణి రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ వల బయట కూర్చున్నాడు. అయినా ఇంకో మూడు పిల్లలు పోయాయి. నేను క్యారేజీ పట్టుకుపోతే తీసుకునేవాడు. నాతో మాట్లాడటానికి పది రోజులు పట్టింది. మాట్లాడినప్పుడు కూడా, వచ్చే ఏడాది నీరటి పేరు నీదే రాయించుకో, నా వల్ల కాదు, అన్నాడు. తెప్ప మీద పోయినప్పుడు కింద ఎంత లోతుందో చేత్తో చూసిన మనిషిని, ఆ మాట ఇంట్లో చెప్పనివాడిని, నేనేం నీరటిని అన్నాడు. నేను వద్దనలేదు. ఓదార్చే ఓపిక కూడా లేకపోయింది.

ఏప్రిల్ ఎనిమిదిన మేడం ఫోను చేసింది. పిల్లలన్నీ ఎగిరిపోయాయి, ఇక నీళ్ళు వదులుకోవచ్చు అంది. చేపలు పట్టడానికి నీళ్ళు తగ్గించమని జానీ వాళ్ళు కూడా అడుగుతున్నారు. దిగి పై కన్ను తీశాను. నీళ్ళు కాలువ నిండా పారుతూ పోయాయి. అడ్డం ఎవరూ లేరు. బోర్లున్నవాళ్ళకు అక్కర్లేదు, నేరుగా చివరిదాకా పోయాయి. నేను కాలువ వెంబడే నడిచి పోయేసరికి అక్క తన మడి గండి దగ్గర కూర్చుని, మట్టి పెళ్ళలు తెచ్చి అడ్డం వేస్తోంది. వరి రంగు తిరిగింది. ఇప్పుడు నీళ్ళు తగిలితే కోత మిషను దిగబడుతుంది. నేనూ వంగి రెండు పెళ్ళలు అందించాను. గండి మూసుకున్నాక నీళ్ళు పక్కన బీడులోకి పోయి నిలిచాయి.

కోత రోజు మిషను డ్రైవరు ఒక సాలు పోయి, దిగి, ఒక కంకి నలిపి చూశాడు. మొదట తడిసిన మూడో వంతులోనే గింజ ఉంది. మిగతాదంతా తాలే. ఆసామి కబురు పెట్టించాడు. అక్క పోయి పొలం అప్పజెప్పి వచ్చింది. ఆవును, దూడను నా పాకలో కట్టేసింది. పాలు పిండే వేళ చెప్పింది. దూడకు ఎడమ చెవి కింద గోకితే ఊరుకుంటుందని చెప్పింది. నేను తూము తియ్యడానికి ఒప్పుకున్నందుకు గానీ, మీటింగులో నోరెత్తనందుకు గానీ, ఒక్క మాట అనలేదు. అంటుందని నేను రోజూ ఎదురుచూశాను.

ఏప్రిల్ చివరి వారంలో పోయింది. పర్ణశాల నుంచి వచ్చే బస్సు మా ఊరి స్టేజీ దగ్గర పదకొండింటికి ఆగుతుంది. భక్తులతో కిక్కిరిసి ఉంది. సంచులు రెండు నేను ఎక్కించాను. పాణి వచ్చాడు గానీ చింతచెట్టు నీడలోనే నిలబడ్డాడు. అక్క కిటికీ పక్కన సీటు దొరికించుకుని, మీద పడుతున్న ఎండకు కొంగు నెత్తిన వేసుకుని, అద్దం పక్కకు జరిపింది.

"మరిదిని మంచిగ జూసుకో. ఉప్పు తక్కువెయ్యి," అంది.

"సరే."

"ఎన్ని ఎగిరినయే?"

ఏమడిగిందో ఒక క్షణం అర్థం కాలేదు.

"పదకొండు," అన్నాను.

"ఎన్నింటిల?"

"ఇరవై ఆరింటిల."

ఆమె లోలోపలే లెక్క వేసుకుంది. ముందు డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు.

"నా వరికంటె నయమే," అంది.

బస్సు కదిలింది.